పెరటి కోడి - ఇల్లాలి సొమ్ము



కోడి యనగానే మన తెలుగువారికి ముందుగా మనసునకు వచ్చునది పుంజు. పల్నాటి వీరుల కథలో పందెము పుంజులదే. ఆ పందెమున నోడి బ్రహ్మనాయుడు తనవారితో ఏడేండ్లు రాజ్యము విడిచి పోవలసివచ్చెనని చెప్పుదురు. డేగ, కాకి, నెమలి, సేతువ, పర్ల యని పుంజుల రంగులకు పేర్లు పెట్టినాము. ఏనాడు ఏ రంగు గెలుచునో చెప్పుటకు కుక్కుటశాస్త్రమను పేర ఒక శాస్త్రమునే వ్రాసికొన్నాము. తెల్లవారుజామున కూయునది పుంజు కావున, కాలమును గూడ దాని పేరనే తొలికోడి, మలికోడి యని లెక్కించినాము. పెట్టకు ఇట్టి మర్యాద జరుగలేదు. అది గ్రుడ్డు పెట్టును, పొదుగును, పిల్లలను రెక్కల క్రింద దాచును, ప్రొద్దుగ్రుంకువేళకు గూటికి చేరును. ఇంటిలో ఇల్లాలి పని కంటబడకుండ జరిగిపోవునట్లే, పెరటిలో పెట్ట పనియు జరిగిపోవును. నేటి ప్రసంగము ఆ పెట్టను గూర్చి, దానిని సాకు ఇల్లాలిని గూర్చి, వారిద్దరి కొరకు ఊరి పెద్దలు మాత్రమే చేయగల యొక పనిని గూర్చి.

ముందుగా ఇంటి దినచర్యను చూతము. వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లుటకు ముందే ఇల్లాలు గూటి తలుపు తీయును. కోళ్లు బిలబిల బయటికి వచ్చి, రెక్కలు విదల్చుకొని ఆమె కాళ్ల చుట్టు తిరుగును. ఆమె చేతిలో పిడికెడు నూకలో, చేటలో మిగిలిన తాలుగింజలో యుండును. అవి చల్లుచు ఆమె లెక్క చూచుకొనును. నల్లపెట్ట వచ్చినది, బోడిమెడది వచ్చినది, కుంటిది వచ్చినది, చుక్కలది మాత్రము రాలేదు. ఇట్లు ఒక్కొక్కదానిని గుర్తుపట్టి చూచుకొను లెక్క యది. రానిదాని కొరకు వంగి గూటిలోనికి చూచును. అది మూలను ముడుచుకొని రెక్కలు వ్రేలవేసికొని యున్నచో ఆమె గుండె కలుక్కుమనును. పెట్టను చేతబట్టి తోక క్రింద వ్రేలితో తడిమి, గ్రుడ్డు నేడు పెట్టునో రేపు పెట్టునో చెప్పగల స్త్రీలు మన యూళ్లలో ఇంకను కలరు. నేడే పెట్టునని తోచినచో దానిని గంప క్రింద మూసి ఉంచును. లేకున్న అది పోయి పొరుగువారి గడ్డివామిలో పెట్టి, అచ్చటినుండి కొక్కొరించుచు ఇంటికి వచ్చును.

పగలంతయు కోళ్లు తమ పొట్ట తాము పోసికొనును. పెంటకుప్పను గీరి పురుగులను, కళ్లములో రాలిన గింజలను, గట్ల మీది గడ్డివిత్తులను, చెదలను ఏరుకొని తినును. పిల్లలున్న ఇంటిలో ఇల్లాలు పగిలిన కుండలో పాత గడ్డియు, ఎండిన పేడయు తడిపి పెట్టి, చెదలు పట్టించి వానిని కోడిపిల్లలకు దులుపును. అంతకు మించిన బలమైన ఆహారము చిన్నపిల్లలకు లేదు. సాయంకాలము ఇల్లాలు కోళ్లను పిలుచును. ఒక్కొక్క ఇంటి పిలుపు ఒక్కొక్క విధము. ఏ ఇంటి కోడి ఆ ఇంటి పిలుపునకే వచ్చును. మరల లెక్క, మరల తలుపు. ఈ పనులన్నియు వంట, నీళ్లు, కూలి, కోత అను పనుల నడుమ జరిగిపోవును. ఇందుకు పట్టు వేళను ఎవ్వరును లెక్కించినది లేదు. పెరటికోడి తినునదెల్ల ఇంటికి అక్కరలేనిది, ఇచ్చునదెల్ల ఇంటికి కావలసినది.

అది ఏమిచ్చునో కొంత వివరముగా చెప్పెదను. మన నాటుపెట్ట విడతకు పది పండ్రెండు గ్రుడ్లు పెట్టి పొదుగునకు కూర్చుండును. ఏడాదికి అట్టివి మూడు నాలుగు విడతలు. అన్నియు కలిపి 50 మొదలు 70 గ్రుడ్ల వరకు వచ్చును. వానిలో పొదిగించునవి పోగా మిగిలినవి ఇంటి పిల్లలకో, అంగడికో పోవును. ఒక గ్రుడ్డులో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు కలవు. ఎదుగు బిడ్డకు, గర్భిణికి, బాలింతకు ఇంత చవకగా ఇంత సత్తువ నిచ్చు ఆహారము పెరటిలో మరియొకటి లేదు. ఇక పెంచిన పిల్లలలో పెట్టలు మందను పెంచును, పుంజులు సంతకు పోవును. నాటుకోడికి ఫారముకోడి కంటె మంచి వెల వచ్చునని మీరెల్లరు ఎరిగినదే.

ఆ వెల ఎచ్చటికి పోవుచున్నది? పొలము మీద వచ్చిన రూకలు ఎరువుల అప్పునకును, కూలికిని పోవును. పాల రూకలు దాణాకు పోవును. కోడి రూకలు మాత్రము ఇల్లాలి కొంగున ముడిపడును. బడికి పోవు పిల్లవాని పలక, ఆడపిల్ల గాజులు, జ్వరము వచ్చిన రాత్రి కావలసిన మాత్రలు, పుట్టింటికి పోవు దారిఖర్చు, ఇవి ఆ ముడి విప్పగా వచ్చునవి. మగని చేయి చూడకుండ, వడ్డీవాని గడప త్రొక్కకుండ గడచిపోవు చిన్న చిన్న అవసరములు ఇవియే. భూమి లేని ఇంటిలోను, మగదిక్కు లేని ఇంటిలోను ఇది యొక్కటియే ఆమె చేతిలోని ఆస్తి. తన కోడియు కుంపటియు లేకున్న ఊరికి తెల్లవారదని ముసలమ్మ అనుకొన్నదను సామెత చెప్పి మనము నవ్వుదుము. ఊరి మాట ఎట్లున్నను, ఆ కోడి లేకున్న ఆ ముసలమ్మ ఇంట తెల్లవారుట కష్టమే.

కోడిపెట్ట యొక్కటి ఇంట లేనివారికి మన స్త్రీలు తాము చేసికొన్న ఏర్పాటొకటి కలదు. కలిగిన యామె లేని యామెకు ఒక పెట్టపిల్లను ఇచ్చును. ఆమె సాకి, పొదిగించి, వచ్చిన పిల్లలను ఇద్దరును సగముగా పంచుకొందురు. దీనిని కొన్ని ప్రాంతములలో వాటా యందురు. కాగితము లేదు, వడ్డీ లేదు. రెండేండ్లు తిరుగకుండ ఏమియు లేని ఇంట ఒక చిన్న మంద యేర్పడును. ఏ బ్యాంకును ఇంత చిన్న అప్పును ఇంత సులువుగా ఇయ్యజాలదు.

పొదిగించుటలో మన స్త్రీలకు గల నేర్పు తక్కువ కాదు. వారము పదిదినములకు మించి నిలువ యుండిన గ్రుడ్డును పొదుగునకు పెట్టరు. మిగుల చిన్నదియు, పగులు గలదియు తీసివేయుదురు. గంపలో మెత్తని గడ్డి వేసి, పేలు పట్టకుండ బూడిదయు వేపాకును చల్లుదురు. ఉరుమునకు గ్రుడ్లు మురుగునని కొందరు ఇనుపమేకును, బొగ్గును గూడ ఉంచుదురు. ఏడవ రాత్రి దీపమునకు అడ్డముగా గ్రుడ్డును పట్టి చూచినచో, లోపల సాలెగూడువలె ఎర్రని నరములు కనబడినది జీవము గలది. తేటగా ఉన్నది పిల్ల కట్టనిది. 21 దినములు ఆ పెట్ట దినమున కొకపరి మాత్రము లేచి, ఇంత తిని, ఇంత త్రాగి, మరల వచ్చి కూర్చుండును. తన గ్రుడ్లను ముక్కుతో మరల మరల త్రిప్పుకొనును. 21వ దినమున పెంకులోపలనుండి పిల్ల టకటక కొట్టును.

పుట్టినన్ని పిల్లలును బ్రతికినచో ఏ ఇంటను కొరత యుండదు. మన పెరళ్లలో పదింట సగము దక్కుటయు అరుదు. అందు కొంత దోషము గద్దది, కాకిది, ముంగిసది, పిల్లిది. దీనికి మందు అక్కరలేదు, కాపు చాలును. మొదటి మూడు వారములు తల్లిని పిల్లలను పెద్ద గంప క్రింద నుంచి, ఎండ ముదురకముందు, సాయంకాలమున మాత్రము మనిషి దగ్గర నుండి వదలవలయును. పిల్లలకు పెట్టు నూకలు తల్లియు, తక్కిన కోళ్లును తినివేయకుండ, పిల్లలు మాత్రమే దూరగల సందులున్న బుట్ట నొకదానిని బోర్లించి దాని క్రింద మేత నుంచవలయును. లోతైన పాత్రలో పిల్లలు పడి చచ్చును. కావున మూకుడులో గులకరాళ్లు వేసి నీరు పోయవలయును. గూడు నేలకు మూరెడెత్తున, వెదురుతో గాని కొయ్యతో గాని గాలి ఆడునట్లు కట్టి, రాత్రి తప్పక మూయవలయును. చెట్టు మీద పండుకొను కోడి నేడు కాకున్న రేపు పిల్లి పాలగును. గూడు కట్టుట మగవారు ఒక ఆదివారము చేయగల పని. ఇల్లాలు అడుగకముందే దానిని చేసిపెట్టుట మర్యాద.

ఇక కోళ్ల వలన ఇరుగుపొరుగుల నడుమ వచ్చు తగవులు మీకు తెలియనివి కావు. వాని కోడి నా నారుమడిని గీరినది, ఆమె పెట్ట మా వామిలో పెట్టిన గ్రుడ్డు మాది, మీ కుక్క మా పిల్లను పట్టినది, ఇట్టి ఫిర్యాదులు రచ్చబండ యొద్దకు వచ్చినప్పుడు మీరు నవ్వుచు తీర్చియుందురు. వామి ఎవరిదైనను గ్రుడ్డు పెట్టగలవారిదే యనియు, గీరిన మడికి కోడిగలవారు నారు పోయవలయుననియు చెప్పి పంపియుందురు. ఈ తగవులు చిన్నవి, తీరునవి. తీరని తగవు ఒకటి కలదు. ఒక వారములో ఊరి కోళ్లన్నియు చచ్చినప్పుడు, ఎవరో విషము పెట్టిరనియు, ఎవరిదో దృష్టి తగిలినదనియు ఒకరినొకరు అనుకొను మాటలు ఏండ్ల తరబడి మనసులలో నిలిచిపోవును. అట్టి మాట ఎక్కువగా ఒంటరి స్త్రీ మీదనే పడును. ఆ చావునకు కారణము విషమును కాదు, దృష్టియు కాదు. అది కొక్కెర తెగులు.

దాని లక్షణములు మీరెల్లరు చూచినవే. కోడి ముడుచుకొనును, మేత మానును. నోరు తెరచి గురగురమని ఊపిరి తీయును. తెల్లగాను ఆకుపచ్చగాను పారుకొనును. కొన్నిటికి మెడ మెలిదిరుగును, కాళ్లు రెక్కలు పడిపోవును. మూడునాలుగు దినములలో చచ్చును. మందువేయని ఊరిలో అది ప్రవేశించెనా, నూటికి ఎనుబది తొంబది కోళ్లను తీసికొనిపోవుటయు కలదు. వైరసు అను కంటికి కనబడని సూక్ష్మజీవి దీనికి మూలము. 1926వ సంవత్సరమున జావా ద్వీపమునందును, ఇంగ్లండులోని న్యూకాజిల్ పట్టణమునందును దీనిని తొలుత గుర్తించిరి. మన దేశమున 1927లో హిమాలయముల లోని కుమావూను కొండలలో రాణిఖేతమను చోట కనుగొనిరి. అందుచేత పశువైద్యులు దీనిని రాణిఖేత వ్యాధి యందురు. అదే కొండలలో ముక్తేశ్వరమున నున్న పశువైద్య పరిశోధనాలయమున 1940లకు చెందిన దశాబ్దములో దీనికి టీకామందును తయారు చేసిరి. తెగులు బయటపడిన చోటికి సమీపముననే మందును దొరికినదన్నమాట. అప్పటినుండి ఇన్ని దశాబ్దములు గడచినను ఆ టీకా మన పెరటి కోళ్లలో పెక్కింటికి అందుట లేదు. పెద్ద ఫారములలో టీకా పడని కోడి యుండదు. ఇల్లాలి కోడికి మాత్రము వేసవి వచ్చెనన్న చావే.

తెగులు సోకిన పిమ్మట మనము చేయు పనులు దానిని మరింత పెంచుచున్నవి. నాలుగు కోళ్లు చచ్చిన వెంటనే మిగిలినవి చావకముందే నాలుగు రూకలు చేసికొందమని సంతకు తీసికొనిపోవుదురు. ఆ సంతనుండి అది పది యూళ్లకు పోవును. చచ్చినదానిని పెంట మీద పారవేయుదురు. కుక్క దానిని ఈడ్చుకొనిపోయి పొరుగు పెరటిలో పడవేయును. పండుగనాడు చుట్టము తెచ్చిన కోడిని ఆనాడే మందలో వదలుదురు. ఆశతోను, పేదరికముతోను చేయు పనులివి. వీనిని ఒక ఇల్లు మానిన చాలదు, ఊరంతయు మానవలయును. సోకిన కోడికి మందు లేదు. సోకకమునుపు వేయు టీకాయే దాని మందు.

పెద్దలారా, ఇంత సులువైన మందు ఇల్లాలికి ఏల అందలేదో మీరు విచారింపవలయును. వెల ఎక్కువయై కాదు. కోడి యొక్కింటికి అయ్యెడి ఖర్చు గ్రుడ్డు వెలలో కొద్ది భాగము మాత్రమే. కారణము సీసాలో ఉన్నది. ఈ మందు ఒక సీసాకు నూరు కోళ్లకో, అంతకు మించిన లెక్కకో సరిపడునట్లు వచ్చును. దానిని చల్లని పెట్టెలో, మంచుగడ్డల నడుమ ఉంచవలయును. సీసా తెరచి ద్రవము కలిపిన పిమ్మట రెండు గంటలలో వాడివేయవలయును. అటుపై అది నీటితో సమానము. ఒక ఇల్లాలి యింట 8 కోళ్లున్నవనుకొందము. ఆమె పనులు మాని, పట్టణమునకు పోయి, మంచుగడ్డలో సీసా తెచ్చి 8 కోళ్లకు వేసినచో 92 కోళ్ల మందు నేలపాలగును. ఏ ఇల్లాలు అట్లు చేయును? పశువైద్య సిబ్బందియు ఎనిమిది కోళ్ల కొరకు సీసా తెరువలేరు. అదే ఊరిలో 60 ఇండ్లు కలిసినచో 480 కోళ్లు. నూరేసి కోళ్ల సీసాలు అయిదు చాలును. రెండు గంటలలో నలుగురు మనుష్యులు పని ముగింపగలరు. ఒక్క ఇంటికి సాధ్యము కానిది ఊరికి రెండు గంటల పని. ఇంటింటిని కలుపు పని ఇల్లాలి చేతిలో లేదు. అది మీ మాటలో ఉన్నది.

కావున నా మనవి యిది. ఏడాదికి రెండు దినములను ఊరి కోళ్ల దినములుగా నిర్ణయింపుడు. సంక్రాంతి గడచిన మరుసటి వారములో ఒకటి, శ్రావణమాసములో ఒకటి. సంక్రాంతి పిమ్మట వేసిన టీకా వేసవికి ముందే కోడికి బలమిచ్చును. శ్రావణములో వేసినది చలికాలమును గడుపును. పదిదినములు ముందుగా పశువైద్యశాలకు వ్రాసి, కోళ్ల లెక్క తెలుపుడు. వారము ముందుగా కోళ్లకు నట్టల మందు త్రాగింపుడు. ముందటి రాత్రి కోళ్లను గూళ్లలో, గంపల క్రింద మూసి యుంచవలెనని చాటింపు వేయింపుడు. తెల్లవారకమునుపు పని మొదలుపెట్టుడు. ఎండ యెక్కిన పిమ్మట కోడియు దొరకదు, మందును నిలువదు.

టీకా వేయు విధము ఇది. వారము దినముల పిల్లలకు కంటిలో గాని ముక్కులో గాని ఒక చుక్క వేయుదురు. నాలుగైదు వారముల వయసున మరియొకపరి చుక్క వేయుదురు. రెండు నెలలు దాటినవానికి రెక్క క్రింద చర్మములో సూదివేయుదురు. ఆ పిమ్మట ఆరు నెలలకొకపరి వేయించుట మేలు. రెండు కోళ్ల దినముల నడుమ పుట్టు పిల్లలకు చుక్కలు వేయించుటకై, నెలకొకపరి ఒక చోట చేరునట్లు ఇల్లాండ్రు తమలో తాము ఏర్పాటు చేసికొనవచ్చును. చుక్కలు వేయుట కఠినమైన విద్య కాదు. పశువైద్యుని యొద్ద ఒకటి రెండు దినములు నేర్చిన పడుచులు ప్రతి యూరను ఆ పని చేయగలరు. కోడి యొక్కింటికి ఇంతయని వారికి కూలి నిర్ణయించినచో పని నిలుచును. ఊరకయే చేయు పని రెండవ యేట నిలువదు.

ఇందుకు మీ ఊరిలో మూడు ఆక్షేపణలు వినబడును. మొదటిది, మన తాతల నాడు సూదులున్నవా యని. తాతలనాడు ఊరికి ఊరికి బస్సులు లేవు, వాహనములలో వందలకొలది కోళ్లు జిల్లాలు దాటి పోలేదు. తెగులు నడచు దారులు పెరిగినప్పుడు కాపును పెరుగవలయును. రెండవది, సూదివేసిన కోళ్లే చచ్చినవని. టీకా బలము పట్టుటకు పది పదునాలుగు దినములు కావలయును. అప్పటికే తెగులు లోపల చేరిన కోడికి సూది వేసినను అది చచ్చును, నింద సూది మీద పడును. అందుచేతనే తెగులు రాకముందు, ఆరోగ్యముగా నున్నప్పుడే వేయవలయును. బలహీనమైన కోడి సూది పిమ్మట రెండు మూడు దినములు నలతగా నుండుటయు కలదు. ఈ రెండు మాటలను ముందుగానే అందరకు చెప్పవలయును. చెప్పకుండ వేసినచో మరుసటి యేడు ఎవ్వరును కోడిని పట్టి ఇయ్యరు.

మూడవది, గ్రుడ్లు బండ్లమీద ఇంటి వాకిటికే వచ్చుచుండగా పెరటికోడి ఏల యని. గ్రుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు దేశమున ముందువరుసలో నున్నమాట నిజమే. అయినను ఫారము గ్రుడ్డు ఇల్లాలికి కొనదగిన వస్తువు, పెరటి గ్రుడ్డు అమ్మదగిన వస్తువు. రెంటికి గల భేదము ఆమె కొంగుముడికి తెలియును. పెరటికోళ్ల కాలము పోయినదనుటయు సత్యము కాదు. 2019వ సంవత్సరపు పశుగణనలో దేశమున కోళ్లు మున్నగు పక్షులు 85 కోట్లకు మించగా, వానిలో 31 కోట్ల 70 లక్షలు పెరళ్లలోనివే. 2012 గణనతో పోల్చిన పెరటి పక్షుల లెక్క నూటికి 45కు పైగా పెరిగినది. హైదరాబాదు రాజేంద్రనగరములోని కేంద్ర కోళ్ల పరిశోధనా సంస్థవారు పెరళ్లకొరకే వనరాజా, గ్రామప్రియ అను జాతులను రూపొందించినారు. ఇవి నాటుకోడికంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును. అయితే ఇవి పొదుగుట అరుదు. కావున పిల్లలను కొనవలసివచ్చును, లేదా గ్రుడ్లను నాటుపెట్ట క్రింద నుంచవలసివచ్చును. కొక్కెర తెగులు ఈ జాతులను గూడ విడువదు. జాతి ఏదైనను టీకా తప్పదు.

ఇంకొక హెచ్చరిక. 2006వ సంవత్సరమున మహారాష్ట్రలోని నవాపూరు ప్రాంతమున పక్షులకు వచ్చు ఫ్లూ వ్యాధి మన దేశమున మొదట బయటపడినది. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలోని ఫారములలోను కనబడినది. అది మనుష్యులకును సోకవచ్చును. కాబట్టి కోళ్లు గుంపుగా హఠాత్తుగా చచ్చినప్పుడు, అది కొక్కెర తెగులే యని మీకు మీరే నిశ్చయింపక పశువైద్యునకు వెంటనే తెలుపుడు. చచ్చినవానిని తినుటయు, అమ్ముటయు వలదు. ఒట్టిచేతులతో ముట్టరాదు. పిల్లలను దగ్గరకు రానీయరాదు. లోతుగా గోయి త్రవ్వి సున్నము చల్లి పూడ్చవలయును. క్రొత్తగా తెచ్చిన కోడిని రెండు వారములు వేరుగా గంప క్రింద నుంచి, ఆ పిమ్మటనే మందలో కలుపవలయును.

కడపటి మాట ఇంటిలోనిది. అల్లుడు వచ్చినాడని, మిత్రుడు వచ్చినాడని ఇల్లాలి నడుగకయే పొదుగునకు వచ్చిన పెట్టను పట్టి కోయుట మన ఇండ్లలో కలదు. ఆ పెట్ట క్రింద రాబోవు పది పిల్లలను, ఆ పిల్లల మీద ఆమె పెట్టుకొన్న లెక్కను ఆనాడే కోసినట్లగును. అతిథికి పుంజు చాలును. పెట్టను కోయుటకు గాని, సంతకు పంపుటకు గాని ఆమె మాట తీసికొనుడు. అమ్మిన రూకలు ఆమె చేతికే ఇండు. తెచ్చిన గ్రుడ్లలో ఇంటి బిడ్డకు, కడుపుతో నున్న కోడలికి ముందు పెట్టి, మిగిలినదే అంగడికి పంపుడు. ఊరి కోళ్ల దినమును నిర్ణయించు సభకు ఆడువారిని పిలిచి, ఏ ఇంట ఎన్ని కోళ్లున్నవో వారినే అడుగుడు. మగవారు చెప్పు లెక్క సరిగా నుండదు. వారు పెరటి వైపునకు పోవుట తక్కువ.

వేసవి ప్రతి యేడును వచ్చును. దానితో తెగులును వచ్చును. అప్పుడు ఊరంతయు ఖాళీ గూళ్లు చూచి నిట్టూర్చుటకు బదులు, ముందే ఒక తెల్లవారుజామున రెండు గంటలు ఊరిని నిలిపి ఉంచగల మాట మీయొద్ద ఉన్నది. రేపే ఒకరిని పంపి మీ ఊరి కోళ్లను లెక్కవేయింపుడు. ఆ అంకె వ్రాసికొని పశువైద్యశాలకు పోయినచో సగము పని అయినట్లే.